కెప్టెనుగారి సంజాయిషీ

తెల్లవారుజామున కడియపులంక పూలమార్కెట్టుకు వెళ్ళడం నాకు పాత అలవాటు. పూలు కొనడానికని అనుకునేరు! పూలు మా ఆవిడ కొంటుంది. నేను టీ తాగుతూ నలుగురూ చెప్పుకునే మాటలు మూటకట్టుకొస్తాను. వారం వారం ఈ శీర్షిక నడవాలంటే ఆ సరుకూ కావాలి కదా.

2023 అక్టోబరు మాట. దసరా దగ్గర పడింది. బంతిపూల గోతాలూ, చేమంతి గంపలూ అడ్డం పడి దారి కనపడటంలేదు. అంత హడావిడిలోనూ టీకొట్టు దగ్గర ఇద్దరు పూల వర్తకులు ధరల సంగతి మరిచిపోయి, ముందు రాత్రి టెలివిజనులో చూసిన ఒక విషయం మీద గట్టిగా తగాదా పడుతున్నారు.

“కష్టపడే కుర్రాడండీ! అలాంటివాడి దగ్గర కెప్టెను బిళ్ళ లాక్కోవడం ఏం న్యాయమండీ?” అన్నాడు ఒకాయన.

“కష్టపడటం వేరండీ, నలుగురిచేత చేయించడం వేరు. కెప్టెనంటే చేయించాలండి,” అన్నాడు రెండో ఆయన.

“మీరైతే చేయించేద్దురా?”

“నేనైతే అసలు ఆ ఇంట్లోకే వెళ్ళనండి!”

చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. తగాదా మాత్రం తెమల్లేదు. ఆ ఇద్దరూ మాట్లాడుతున్నది ‘బిగ్ బాస్’ అనే ఆటను గురించి. చూడనివాళ్ళకోసం రెండు ముక్కలు చెబుతాను. చూసేవాళ్ళు ఈలోగా కాఫీ తాగి రావచ్చు.

1949లో అచ్చయిన ఒక ఇంగ్లీషు నవలలో ‘పెద్దన్న’ అనే పాత్ర వుంది. అందరినీ ఎల్లప్పుడూ కనిపెట్టి చూస్తూ వుండటం ఆయన పని. ఆ పేరు పెట్టుకుని 1999లో హాలెండులో ఒక టెలివిజను ఆట మొదలుపెట్టారు. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి తలుపు వేసేస్తారు. పత్రిక వుండదు, టెలిఫోను వుండదు. మూలమూలకూ కెమెరాలు మాత్రం వుంటాయి. వారానికొకరు బయటికి నడవాలి. ఆ ఆట మన దేశంలో 2006లో హిందీలోకీ, 2017లో తెలుగులోకీ వచ్చింది. తెలుగులో మొదటి ఏడాది జూనియర్ ఎన్.టి.ఆర్., మరుసటి ఏడాది నాని నడిపించారు. 2019 నుంచి ఆ బాధ్యత నాగార్జున పుచ్చుకున్నారు.

ఇందులో మనకు కొత్తేముంది? మన ఉమ్మడి కుటుంబమే అది! వంట ఎవరు చెయ్యాలి, గిన్నెలు ఎవరు తోమాలి, పెరుగు ఎవరు ఎక్కువ వేసుకున్నారు — ఇవే తగాదాలు. ఒక్కటే తేడా. మన ఇళ్ళలో పెద్దరికం వయసును బట్టి వచ్చేది. అక్కడ పోటీలో గెలిచినవాడికి వస్తుంది. వారం రోజుల ముచ్చట. ఆ గెలిచినవాడినే కెప్టెను అంటారు. పనులు పంచడం, నియమాలు తప్పినవాళ్ళను అదలించడం ఆయన విధి. నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి ఈ రోజున “లేవండి, తుడవండి” అనాలి. వచ్చేవారం మళ్ళీ వాళ్ళతో సమానంగా నిలబడాలి. అల్లుడి హోదా మూణ్ణాళ్ళు, తోడల్లుళ్ళ పోటీ మూడొందల రోజులు అన్నట్టుంటుంది ఆ పదవి.

మా ఆవిడ ఆ ఆట చూస్తుంది. నేను చూడను. ఆవిడ చూస్తూంటే పక్కన కూర్చుని పత్రిక చదువుకుంటాను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా నా పత్రిక ఒకే పేజీ దగ్గర వుంటుందని ఆవిడ అభియోగం.

టీకొట్టు దగ్గర తగాదా తెచ్చిపెట్టిన కుర్రవాడు పల్లవి ప్రశాంత్. సిద్దిపేట జిల్లాలో ఒక పల్లెటూరి రైతు. సినిమావాళ్ళూ, సీరియళ్ళవాళ్ళూ వున్న ఇంట్లోకి ‘రైతుబిడ్డ’నని చెప్పుకుని వెళ్ళాడు. ఆ ఏడాది ఆ ఇంటికి మొదటి కెప్టెను అతనే అయ్యాడు. అయిన కొద్దిరోజులకే తోటివాళ్ళను అడిగితే, పని చేయించడం అతనికి సరిగ్గా చేతకావడంలేదన్నారు. బిళ్ళ ఊడింది. అదే ప్రశాంత్ 2023 డిసెంబరు 17న ఆట మొత్తానికి విజేత అయ్యాడు!

అంతకు ముందు 2018లోనూ ఇలాంటి చిత్రమే జరిగింది. కౌశల్ అంటే ఇంట్లోవాళ్ళలో చాలామందికి గిట్టేది కాదు. బయట జనం మాత్రం ఆయన పేరు మీద ఒక సైన్యాన్నే కట్టి గెలిపించారు.

మరి ఎవరి తీర్పు నిజం? లోపలివాళ్ళదా, బయటివాళ్ళదా?

నన్నడిగితే రెండూ సగం సగం తీర్పులే. బయట కూర్చున్న మనకు ఇరవైనాలుగు గంటల బతుకును గంటకు కత్తిరించి చూపిస్తారు. కెప్టెను కంటనీరు కనిపిస్తుంది గాని, పొద్దుటినుంచీ ఆయన మాట కోసం కాచుకుని విసిగిపోయినవాడి మొహం కనిపించదు. లోపలివాళ్ళకు ఆ విసుగు తెలుసు. కాని వాళ్ళూ పోటీదారులే. తీర్పు చెప్పే నోటికి గెలవాలన్న ఆకలి కూడా వుంది. కనుక ఎవరి తీర్పు గొప్పదన్న విచారణ మనకు వద్దు. నాకు ఆసక్తి అంతా తీర్పు విన్న తరువాత కెప్టెనుగారు ఇచ్చే సంజాయిషీ మీద.

ఇన్నేళ్ళుగా పత్రిక చాటునుంచి చూసినమీదట నాకు తేలిందేమిటంటే, ఆడవాళ్ళు గానీండి, మగవాళ్ళు గానీండి, ఏ కెప్టెనుగారి సంజాయిషీ అయినా నాలుగు రకాలలోకే వస్తుంది.

మొదటిది: “మీ అందరికంటే నేనే ఎక్కువ పని చేశాను.”

రెండోది: “నా ఉద్దేశం మంచిదే.”

మూడోది: “నా స్థానంలో మీరుంటే ఏం పొడిచేవారు?”

నాలుగోది: “అప్పుడే ఎందుకు చెప్పలేదు? నామినేషన్ల నాడే గుర్తొచ్చిందా?”

నాలుగోదానిలో కొంత న్యాయం వుంది. దాని దగ్గరికి తరువాత వస్తాను. మొదటి మూడింటినీ చూసి నేను చాలాకాలం నవ్వుకున్నాను. ఆ నవ్వు 2023 డిసెంబరు 29 మధ్యాహ్నంతో ఆగిపోయింది.

మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఎటు చూసినా నర్సరీలే. గోదావరి కాలువ నీళ్ళు, లంక మట్టి, అంటు కట్టడంలో ఆరితేరిన చేతులు — ఈ మూడూ కలిసి ఊళ్ళకు ఊళ్ళనే తోటలు చేశాయి. కొత్త సంవత్సరం వస్తోందంటే ఇక్కడి నర్సరీలలో ఒక వేడుక వుంది. రంగురంగుల మొక్కలను నేలమీద పేర్చి అక్షరాలూ బొమ్మలూ తీరుస్తారు. ఎత్తునుంచి చూస్తే ముగ్గు వేసినట్టుంటుంది.

ఆ ఏడాది మా బంధువు ఒకాయన తన నర్సరీలో ఆ పని నాకు అప్పగించాడు. “పత్రికలో రాస్తావు కదా, అక్షరాలు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?” అన్నాడు. నేను పొంగిపోయాను. ‘శుభాకాంక్షలు’ అని పేర్చాలి. ఎర్ర క్రోటన్లతో అక్షరాలు, చుట్టూ పసుపుపచ్చ దురంతా. మొత్తం రెండువేల పైచిలుకు కుండీలూ కవర్లూ. పది పన్నెండుమంది ఆడవాళ్ళ ముఠా. వాళ్ళకు పెద్దగా అరవై ఏళ్ళ ఆవిడ ఒకరు.

నేను మేడ ఎక్కాను. ఎక్కి చేతులు వూపుతూ కేకలు వెయ్యడం మొదలుపెట్టాను. “ఆ వరస ఇటు! కాదు, అటు! ఇంకో అడుగు! అబ్బే, మళ్ళీ మొదటికి పెట్టండి!” పైనుంచి చూస్తే అక్షరం ఎక్కడ వంకర పోయిందో ఇట్టే తెలుస్తోంది. నా మొహం, ఇంత తెలికైన సంగతి వీళ్ళకెందుకు అర్థంకాదని విసుగు. ఒంటిగంట అయ్యేసరికి కొన్ని కుండీలు మూడుసార్లు చోటు మారాయి. తడిమట్టి కుండీ ఎంత బరువుంటుందో మేడమీద వున్నవాడికి తెలియదు కదండీ.

అన్నాల వేళ ఆ పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. “బాబుగారూ, ముందే ఎక్కడ పెట్టాలో చెప్తే ఇన్నిసార్లు మొయ్యక్కర్లేదు కదండీ. పిల్లలు అలిసిపోయారండి,” అంది.

నేనేమన్నానో వినండి. “పెద్దమ్మా! నేను తెల్లవారకుండా మూడింటికి లేచాను, తెలుసా? మీ అందరికంటే ముందు వచ్చాను. మీకు టీలూ టిఫిన్లూ నా జేబులో డబ్బుతో తెప్పించాను. ఇదంతా ఎవరికోసం? పని బాగా రావాలనే కదా! పోనీ, మీరు మేడెక్కి చెప్పండి, ఎలా చెబుతారో చూస్తాను!”

ఒక్క గుక్కలో మూడు రకాలూ చెప్పేశాను, చూశారా! ఎక్కువ పని చేశాను, ఉద్దేశం మంచిదే, నా స్థానంలో మీరుంటేనా! పత్రిక చాటునుంచి అన్నేళ్ళు చూసి నేర్చుకున్న చదువు ఇదీ.

ఆవిడ కోప్పడలేదు. “మీరెప్పుడు లేచారని మేం అడగలేదు కదండీ. పైనున్నారు గనక మీకు అక్షరం కనపడతందండి. కిందున్నాం, మాకు కుండీయేనండి కనపడేది,” అంది. అని వెళ్ళి అన్నం కేరియరు విప్పుకుంది.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆవిడతోపాటు ఆరుగురు రాలేదు. పక్క నర్సరీలో లారీ లోడింగు వుందని అటు వెళ్ళారు. మిగిలిన నలుగురితో నేను నానా హైరానా పడి సాయంత్రానికి రెండక్షరాలు కూడా తీర్చలేకపోయాను. మా బంధువు పైకేమీ అనలేదు గాని, రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ముప్పై ఒకటో తేదీ సాయంత్రానికి జనం వచ్చి చూస్తారు.

ఇంటికి వచ్చి జరిగింది మా ఆవిడతో చెప్పాను. చెబుతూ నా కష్టమంతా ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా విని, “వెళ్ళి ఆవిణ్ణి పిలవండి. కాని ఆ మూడింటికి లేచిన కథ మాత్రం మళ్ళీ చెప్పకండి,” అంది.

ఆ కథలో మాత్రం తప్పేముంది, నిజమే కదా అంటారా? అక్కడే వుంది చిక్కంతా. 1979లో కెనడాలో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటిపనుల్లో మీ వంతెంత అని అడిగారు. ఇద్దరి లెక్కలూ కలిపి చూస్తే చాలా పనుల్లో అసలు పనికంటే ఎక్కువ తేలింది! ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి చేతినొప్పి వాళ్ళకు గుర్తుంటుంది. ఎదుటివాళ్ళది గుర్తుండదు. కనుక “నేనే ఎక్కువ చేశాను” అన్నది చెప్పేవాడి వరకు నిజంలాగే వుంటుంది. వినేవాడి దగ్గరా సరిగ్గా అలాంటిదే ఇంకో నిజం వుంటుంది. రెండూ తక్కెడలో వేస్తే తెల్లవార్లూ తూచుకోవలసిందే. ఈ సంగతి మా ఆవిడకు చెప్పినప్పుడు, “ఇంత చిన్న ముక్క తెలుసుకోడానికి కెనడా దాకా వెళ్ళాలా, మన వంటింట్లోకి వస్తే చాలదూ?” అంది.

అసలు సంగతేమిటంటే, నాయకుణ్ణి విమర్శించేవాళ్ళు సాధారణంగా “నువ్వు కష్టపడలేదు” అనరు. “మాకెందుకు ముందు చెప్పలేదు? మమ్మల్నెందుకు అడగలేదు?” అంటారు. మనం అడిగిన ప్రశ్నకు జవాబు వదిలేసి, అడగని ప్రశ్నకు జవాబు చెబుతాం. ప్రశాంత్ విషయంలో టీకొట్టు దగ్గర వర్తకులిద్దరూ చెప్పిందీ ఇదే. ఆ కుర్రవాడు కష్టపడలేదని ఒక్కరూ అనలేదు. చెమట ఒక లెక్క, పెద్దరికం ఇంకో లెక్క. ఒకదాని బాకీ ఇంకోదానితో తీరదు.

ఆ రాత్రే వెళ్ళాను. పెద్దావిడ వాకిట్లో మంచం మీద కూర్చుని వుంది. లోపల టెలివిజను మోగుతోంది. దారి పొడుగునా బట్టీపట్టిన నాలుగు ముక్కలూ చెప్పాను. “తప్పు నాది పెద్దమ్మా. రేపు ముందు కాగితం మీద గీసి అందరికీ చూపిస్తాను. నేలమీద సున్నం గీతలు గీశాకే కుండీ ఎత్తమంటాను. నా పొరపాటువల్ల ఒక కుండీ రెండోసారి మొయ్యవలసివస్తే దానికి వేరే కూలి ఇప్పిస్తాను.”

“ఆ మూడోది బాగుందండి,” అని నవ్వింది. తరువాత కాసేపాగి, “ఒక్కసారి మమ్మల్ని కూడా మేడెక్కించండి బాబుగారూ. ఏం పేరుస్తున్నామో మేమూ చూడాలి కదండీ,” అంది.

మర్నాడు పొద్దున్న మొదటి పని అదే చేశాను. అందరం మేడ ఎక్కాం. అప్పటికి పేర్చినంతవరకు కింద ఎర్రగా కనిపిస్తోంది. ముఠాలో అందరికంటే చిన్నది, అయిదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల, పిట్టగోడ మీద వాలి చూసి, “భాకి కింద గీత లేదేంటండీ? బా అయిపోయింది కదండీ!” అంది.

గుండె గుభేలుమంది. నిజమే! రెండు రోజులపాటు మేడమీద నిలబడి కేకలు వేసిన పత్రికా రచయితగారికి ‘శుబాకాంక్షలు’ అని పేరుస్తున్నట్టు తెలియలేదు. వంకరలు సరిదిద్దే సందడిలో అక్షరమే తప్పిపోయింది. జనం వచ్చి చూశాక తెలిసివుంటే ఈ శీర్షిక ఇంకొకరు రాస్తూ వుండేవారు. ముప్పై క్రోటన్లతో ఆ గీత పెట్టించాం. ఆ ముప్పై కుండీలకూ వేరే కూలి నా జేబులోంచే పోయింది. సాయంత్రం నాలుగింటికి పని పూర్తయింది.

అంతా సుఖాంతమని చెప్పడానికి లేదు. ఆ ఆరుగురిలో ఒకామె తిరిగి రాలేదు. మార్కెట్టులో ఎదురైతే ఇప్పటికీ పక్కకు తిరిగి వెళ్ళిపోతుంది. ఆ రోజున మూడోసారి మోసిన కుండీతో ఆమెకు నడుం పట్టేసిందని తరువాత తెలిసింది. దానికి నా దగ్గర సంజాయిషీ లేదు. ఆమె తప్పుకుపోతే తప్పుకుపోనిస్తున్నాను. క్షమించడం ఆమె ఇష్టం గాని, అడిగి విసిగించడం నా హక్కు కాదు.

ఇక నాలుగో రకం సంజాయిషీ సంగతి. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” ఆ ఇంట్లో సోమవారం వచ్చిందంటే నామినేషన్లు. మంగళవారం జరిగినదాన్ని కడుపులో దాచుకుని, ఆరు రోజులు నవ్వుతూ కలిసి భోజనంచేసి, ఏడోనాడు నలుగురిలో “కెప్టెనుగా నువ్వు పనికిరావు” అంటారు. ఆట కనుక అక్కడ అది చెల్లుతుంది. మన ఇళ్ళలో, ఆఫీసుల్లో, గుడి కమిటీల్లో కూడా అదే పద్ధతి పట్టుబడుతోంది సుమండీ! ఏడాది పొడుగునా నోరు మెదపనివాళ్ళు సర్వసభ్య సమావేశంనాడు చిట్టా విప్పుతారు. ఆలస్యంగా అన్నంతమాత్రాన ఆ మాట అబద్ధమైపోదు. కాని దిద్దుకోవడానికి వేళ మించిపోతుంది. మా పెద్దావిడ అన్నం కేరియరు విప్పకముందే వచ్చి చెప్పింది. ఆ తొందరపాటే మా అక్షరాన్ని కాపాడింది. అలా చెప్పేవాళ్ళు దొరకడం ఏ నాయకుడికైనా అదృష్టం. దొరికినప్పుడు మూడింటికి లేచిన కథ ఎత్తుకోవడం ఆ నాయకుడి దురదృష్టం.

మీరూ ఎక్కడో ఒకచోట కెప్టెనే అయివుంటారు. పెళ్ళిలో వడ్డన దగ్గరో, కాలేజీలో వార్షికోత్సవానికో, కనీసం తీర్థయాత్ర వ్యానులో ముందు సీట్లోనో. ఎవరైనా వచ్చి “ఇదేం పద్ధతండీ?” అంటే మీ నోటికి మొదట వచ్చే మాట మింగెయ్యండి. అది తప్పకుండా మీ కష్టాన్ని గురించే అయివుంటుంది. రెండోమాటగా “మీకు అక్కణ్ణించి ఏం కనపడుతోంది?” అని అడిగి చూడండి. ఆ వారం బిళ్ళ పోతే పోయింది. మనుషులు నిలుస్తారు.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. పూర్తిగా విని, “బాగానే వుంది. కాని నిన్న గ్యాసు బుక్ చెయ్యమని చెప్పి మరిచిపోయారేమని అడిగితే, రాత్రి రెండింటిదాకా కూర్చుని ఈ శీర్షిక రాశానన్నారు. అది ఎన్నో రకం?” అంది.

సంజాయిషీ ఇచ్చుకోలేదు. లేచి గ్యాసు బుక్ చేశాను.